ప్రమాణ ముఖం

ఒంగోలు మహాసభల వంటశాలలో కారం డబ్బాలకు తాళం పడి అప్పటికి రెండు రోజులైంది. కాఫీ లేదు, టీ లేదు, పోపులో ఎండుమిరపకాయ ముక్క కూడా లేదు. రెండు వేల నూట పన్నెండు మంది ప్రతినిధులు చప్పిడి పప్పూ పెరుగన్నమూ తిని, తలనొప్పులతో ఒకరి మీద ఒకరు చిరాకుపడుతూ తిరుగుతున్నారు. ఒంగోలులో మనుషుల్ని రెండు రోజులు కారం లేకుండా కూర్చోబెట్టడమంటే మాటలా! అయినా రూలు రూలే. కారం తింటే చెమట పడుతుంది, కాఫీ తాగితే గుండె దడ పెరుగుతుంది. చెమటా దడా మారితే తక్కెడ తప్పు చెబుతుంది.

తక్కెడ అనేది జనం పెట్టుకున్న పేరు. కాగితాల మీద దాని పేరు విశ్వాసమాపని. పదేళ్ళకోసారి సర్వజన సమాఖ్య పార్టీ తన నాయకుణ్ణి ఎంచుకునేది దానితోనే. ఈ 2091లో జరగబోయేది నాలుగో తూకం. దాన్ని తయారుచేసిన డాక్టర్ చిలకపాటి లాస్యకు ఇప్పుడు అరవై ఒక్కేళ్ళు. యంత్రం గదిలో కూర్చుని ఆవిడ కూడా తల పట్టుకునే ఉంది.

"ఇంకో ఆరు గంటలు ఓర్చుకోండమ్మా. తూకం అయిపోగానే మొదటి కాఫీ మనదే. వంటాయనకు చెప్పి పెట్టా" అన్నాడు దస్తగిరి. నలభై అయిదేళ్ళ టెక్నీషియన్, బొజ్జ మనిషి. ఇరవై ఏళ్ళుగా రోజూ పదకొండింటికి ఒకే కాఫీ తెచ్చి, రెండు గ్లాసుల్లో పోసి, సగం ఆవిడకిచ్చి సగం తను తాగుతాడు. ఆవిడ ముందు కాళ్ళు బారజాపుకుని కూర్చుని, ఆవిడ చీర రంగు బాగోలేదని మొహమ్మీదే చెప్పగలిగినవాడు ఆ పార్టీ మొత్తానికి అతనొక్కడే.

ఈ పార్టీ నాయకుణ్ణి ఎంచుకున్న తీరు చెప్పాలంటే పెద్ద కథ. మొదట్లో పెద్దాయన ఉండేవాడు, పార్టీ పెట్టిన బలరామయ్య. ఆయన ఉన్నన్నాళ్ళూ ఎన్నిక అంటే చేతులెత్తడమే. "నేనొద్దు అనేవాళ్ళు చేతులెత్తండి" అనేవాడు. హాల్లో ఈగ కూడా రెక్క ఎత్తేది కాదు. 2048లో ఆయన పోయాక ఏకవాక్య తీర్మానాల కాలం వచ్చింది. పరిశీలకులు ఎమ్మెల్యేలను ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి "మీ మనసులో ఎవరు?" అని అడిగేవారు. "ముందు మీ మనసులో ఎవరో చెప్పండి, నా మనసులోనూ ఆయనే" అనేవాడు లోపలికెళ్ళినవాడు. సాయంత్రానికి, నాయకుడి ఎంపికను పెద్దాయన కుటుంబానికే వదిలేస్తున్నామని ఒక్క వాక్యం రాసి, కింద అందరూ సంతకాలు గిలికి, బయటికొచ్చి కుర్చీలు విరగ్గొట్టుకునేవారు. పార్టీ మూడు ముక్కలై మళ్ళీ అతుక్కుంది. తర్వాత ఫోను సర్వేలు పెట్టారు. ఒకే పెద్దమనిషి వంద ఫోన్లు పెట్టుకుని వంద గొంతులతో తనకే మద్దతు చెప్పుకున్నాడు. చివరికి విసుగెత్తి, మనిషి నోటిని నమ్మి లాభం లేదు, ఒంటిని అడుగుదామని తేల్చుకున్నారు. అలా 2061లో, మెదడు మీద పరిశోధన చేస్తున్న ముప్పై ఒక్కేళ్ళ లాస్యను పిలిపించారు.

ఆవిడ చేసిన పని చెప్పుకోవడానికి తేలికే. హాల్లో ప్రతివాళ్ళూ నుదుటికి రిబ్బనంత పట్టీ కట్టుకోవాలి. పట్టీ లోపల ఆవగింజలంత న్యూరల్ సెన్సర్లు ఉంటాయి. ఎదుటి తెర మీద హాల్లో ఉన్న ప్రతి సభ్యుడి ముఖమూ రెప్పపాటు కనిపించి పోతుంది. నామినేషన్లు లేవు, అవి తగవులకు మూలం. హాల్లో ఉన్న ప్రతివాడూ ఓటరే, ప్రతివాడూ అభ్యర్థే. ముఖం కనబడగానే కంటిపాప ఎంత విచ్చుకుంది, గుండె ఎలా కొట్టుకుంది, నుదుట చెమట ఎంత పట్టింది, మెదడులో బాదంగింజంత ఉండే అమిగ్డలా ఎంత చురుగ్గా పలికింది, అన్నీ కలిపి యంత్రం సున్నా నుంచి నూరు దాకా ఒక అంకె వేస్తుంది. అదే విశ్వాసాంకం. అందరి అంకెల సగటులో ఎవరిది పెద్దదైతే వాళ్ళే నాయకులు. సభ్యులు కానివాళ్ళకు హాల్లోకి ప్రవేశం లేదు కాబట్టి లాస్యకూ దస్తగిరికీ కూడా సభ్యత్వ కార్డులిచ్చారు. గేటు దాటడానికి తప్ప ఆ కార్డుతో వాళ్ళకు ఎప్పుడూ పనిపడలేదు.

"నోరు అబద్ధమాడుతుంది, ఒళ్ళు అబద్ధమాడదు" అని లాస్య ఎప్పుడో అన్న మాట ఇప్పుడు రాష్ట్రంలో ప్రతి గోడ మీదా ఉంది. దానికి కారణం ఉంది. వచ్చే ఏడాది అసెంబ్లీ ఎన్నికల్లో ఓటు తీసేసి ఊరూరా తక్కెడలు పెట్టాలని ప్రభుత్వంలో ఉన్న సమాఖ్య నిర్ణయించింది. ఈ రోజు ఎన్నికైన నాయకుడు చేసే మొదటి పని ఆ ఫైలు మీద సంతకం పెట్టడమే. ఆ సంతకం తన జన్మకు సార్థకత అనుకుంటూ ఉంది లాస్య, ఆ పొద్దున తొమ్మిదిన్నర దాకా.

తొమ్మిదిన్నరకు ఎల్లమంద వచ్చాడు.

తొంభై ఏళ్ళ పాత కార్యకర్త. మనవడి భుజం పట్టుకుని నడుస్తూ వచ్చి, "అమ్మాయీ, నన్ను గుర్తుపట్టావా? ముప్పై ఏళ్ళ కింద నీ కుర్చీలో మొదట కూర్చున్నోణ్ణి నేనే" అన్నాడు. లాస్యకు ప్రాణం లేచొచ్చింది. కొలతకైనా తూకానికైనా ఒక ప్రమాణం కావాలి గదా. సున్నా కోసం ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఫొటో పెట్టారు. నూరు కోసం పెద్దాయన పటం పెట్టారు. ఆయన మీద ఈ పార్టీవాళ్ళకున్న నమ్మకాన్ని మించింది లోకంలో ఏముంటుంది? మూడు వందల మంది కార్యకర్తల్ని కూర్చోబెట్టి ఆ పటం చూపించి, వాళ్ళ ఒళ్ళు పలికినదాన్ని నూరుగా ఖాయం చేశారు. పటం చూసి ఏమనిపించిందో రాయమంటే మూడు వందల మందీ "దేవుడు" అని రాశారు. కొందరు ఏడ్చారు కూడా. ఆ మూడు వందల్లో ఇప్పుడు మిగిలినవాడు ఎల్లమంద ఒక్కడే.

"ఇంకోసారి కూర్చుంటా తల్లీ. మళ్ళీ పదేళ్ళకు నేనుంటానా పాడా" అన్నాడు ముసలాయన. దస్తగిరి నవ్వుతూ పట్టీ కట్టి, పెద్దాయన పటం తెర మీద పెట్టాడు.

అంకె నాలుగు దగ్గర ఆగిపోయింది.

దస్తగిరి పట్టీ సర్దాడు. మళ్ళీ నాలుగే. లాస్య సెన్సర్లు మార్చింది. ఈసారి మూడు.

"ఏంటి తాతా, పెద్దాయన మీద నమ్మకం పోయిందా?" అని అడిగింది.

ఎల్లమంద బోసినోటితో పకపకా నవ్వాడు. "నమ్మకమా? ఆయన మీద నమ్మకం ఎవడికుంది తల్లీ? అప్పుడు భయం. ఇప్పుడు కాటికి కాళ్ళు చాపుకున్నోణ్ణి, ఇంకెవరికి భయపడాల?"

"దేవుడని రాశారు గదా మీరంతా!"

"రాయకపోతే?" ముసలాయన నవ్వు ఆపేశాడు. "మా తమ్ముడు ఒకసారి ఆయన మాటకు అడ్డొచ్చాడు. ఆయన ఏమీ అనలేదు. భుజం మీద చెయ్యేసి, మీ ఇల్లెక్కడ నాయనా అని అడిగాడు, అంతే. మూడో రోజు మా తమ్ముడు లేడు, ఆ ఇల్లూ లేదు. చచ్చి పదమూడేళ్ళయినా నువ్వు ఆ పటం చూపించేతలికి నాకు మోకాళ్ళు సడలినయ్యి. బయట పంచె తడుపుకున్నోళ్ళు కూడా ఉన్నారు. నువ్వు చిన్నపిల్లవి, భక్తి అనుకున్నావు. మేం మాత్రం ఎందుకు కాదంటాం?"

మనవడు ఆయన్ను నడిపించుకుని వెళ్ళాక లాస్య ఆ మూడు అంకెలూ కాగితం మీద రాసుకుంది. తర్వాత లేచి, "దస్తగిరీ, కూర్చో" అంది.

అతనికి ముందు వాళ్ళావిడ ఫొటో చూపించింది. ఇరవై ఆరు. "మా ఆవిడకు చెప్పకండమ్మా" అన్నాడు. తర్వాత లాస్య తన ఫొటోనే పెట్టింది. ఆరు. "మీరంటే భయమేంటమ్మా నాకు" అని నవ్వాడు. నర్సింగం ఫొటో పెట్టింది. నర్సింగం పార్టీ ప్రధాన కార్యదర్శి, ఈ రోజు నాయకుడు అవుతాడని చీమకు కూడా తెలుసు. తొంభై మూడు. చీరాల వైపు పార్టీ ప్రతినిధి సువార్తమ్మ ఫొటో పెట్టింది. తుఫానులో పీకల్లోతు నీళ్ళల్లో దిగి మూడు పేటల జనాన్ని బయటికి లాగిన మనిషి ఆవిడ. దస్తగిరి చెల్లెలు బతికింది ఆవిడ చేతుల్లోనే. పదకొండు. చివరికి పడగ విప్పిన తాచుపాము బొమ్మ పెట్టింది. తొంభై అయిదు.

"అంటే పాముని నిలబెడితే అధ్యక్షుడైపోద్ది" అన్నాడు దస్తగిరి. అని, తన మాటకు తనే నవ్వలేకపోయాడు.

ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా పాము బొమ్మ పెట్టి చూడాలని తోచలేదా అంటే తోచలేదు. నాయకుణ్ణి ఎంచే యంత్రానికి పాముని ఎవరు చూపిస్తారు? పోయిన మూడు తూకాల్లో నెగ్గినవాళ్ళు లాస్యకు వరసగా గుర్తొచ్చారు. ఒకడు పత్రికలు మూయించాడు. ఒకడు ఊళ్ళు ఖాళీ చేయించాడు. మూడోవాడి పేరు ఇప్పటికీ జనం గొంతు తగ్గించి పలుకుతారు. వాళ్ళు ఎన్నికయ్యాక చెడిపోయారని అందరిలాగే తనూ అనుకుంది. చెడ్డవాళ్ళని ఏరి ఏరి పెట్టింది తన యంత్రమే. వచ్చే ఏడు అది ఊరూరా ఏరుతుంది.

పన్నెండింటికి నర్సింగం తనే యంత్రం గదిలోకి వచ్చాడు. అరవై ఆరేళ్ళ బక్కపల్చటి మనిషి. ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడడు. దస్తగిరి లేచి గోడకు అతుక్కుపోయాడు.

"ఎల్లమంద మామ ఏదో వాగి వెళ్ళాడట గదా డాక్టరుగారూ?"

"మీకెలా తెలుసు?"

"ఈ గది కట్టించింది నేనే గదా" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆ రోజు ప్రమాణానికి ఏ ముఖం పెడదామని మీరు అడిగితే, పెద్దాయన పటం భుజాన మోసుకొచ్చింది ఎవరో గుర్తుందా? ఆఫీసు కార్యదర్శిని నేను అప్పట్లో. నాకు ఆ రోజే తెలుసు. మీకు ఇవాళ తెలిసినట్టుంది."

లాస్య, "తెలిసి కూడా..." అంది.

"తప్పేముంది? ప్రేమించేవాడు అవసరానికి వస్తాడో రాడో చెప్పలేం. భయపడేవాడు తప్పకుండా వస్తాడు. పార్టీ నడవాలంటే రెండోవాడే కావాలి." అతను లేచి, గుమ్మం దగ్గర ఆగాడు. "సభలో చెబుతారా? చెప్పండి, నేనేమీ అడ్డుపడను. అన్నట్టు మీ అమ్మాయి కర్నూలు రోడ్డు వైపు ఇల్లు మారిందట గదా. ఆ వీధిలో దీపాలు సరిగ్గా వెలగవు, కాస్త జాగ్రత్తగా ఉండమనండి."

అతను వెళ్ళాక లాస్య ఒళ్ళంతా చెమట. దస్తగిరి మంచినీళ్ళు తెచ్చిచ్చి, "అమ్మా, మనకెందుకమ్మా, మింగేసి ఊరుకుందాం" అన్నాడు. ముప్పై ఏళ్ళు ఊరుకునే ఉన్నానని ఆవిడకు అప్పుడే తట్టింది. అనుమానం రాలేదా? వచ్చింది. పాము బొమ్మ తోచకపోవడం కూడా భయమేనేమో. "లేదురా, చెబుతాను" అంది.

మూడింటికి తూకం మొదలవ్వాలి. రెండున్నరకే లాస్య వేదిక ఎక్కి మైకు పట్టుకుంది. ఎల్లమంద సంగతి, పటం సంగతి, పాము సంగతి వరసగా చెప్పింది. "ఈ తక్కెడ నమ్మకాన్ని తూచడం లేదు, మీ భయాన్ని తూస్తోంది. తప్పు నాదే. ప్రమాణం మార్చే తాళంచెవి నా దగ్గరుంది. మీరు ఊ అంటే పెద్దాయన పటం తీసేసి, మీరు నిజంగా నమ్మిన ముఖాన్ని పెట్టి మళ్ళీ మొదలుపెడదాం. చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. మూడో వరసలోంచి ఎవరో, "చప్పిడి కూడు తిని మేడమ్‌కు తిక్కెక్కిందిరోయ్!" అన్నారు. హాలంతా గొల్లుమంది. నర్సింగం నవ్వలేదు. గడియారం చూసుకున్నాడు.

ఆ నవ్వుకు లాస్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పై ఏళ్ళు అణిగి ఉన్న కోపం అంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది.

"నవ్వండి! మూడు తూకాల రికార్డులూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఎవరి ముఖం చూసి ఎవరి ఒళ్ళు ఏం పలికిందో, పేరుపేరునా ఉంది. అదిగో, ఆ మూడో వరస పెద్దమనిషీ, పక్కనే కూర్చున్న మీ బావమరిది ముఖం కనబడ్డప్పుడు మీ ఒళ్ళు ఏమందో చదవనా? మీ ఆయన ముఖం చూసి మీకేమైందో చదవనా అమ్మా? నర్సింగంగారూ, మీరూ ఒకరిని చూసి వణికారు. రెండుసార్లు. ఎవరో చెప్పనా?"

నవ్వు టక్కున ఆగింది. రెండు వేల మందీ కుక్కిన పేనుల్లా ఉండిపోయారు. నర్సింగం మొదటిసారి తలెత్తి ఆవిడ వైపు చూశాడు. వీళ్ళు నా మాట వింటున్నారు, ఇన్నాళ్ళకు విన్నారు అనుకుంది లాస్య. ఆవిడకు అది బాగుంది కూడా.

సభాధ్యక్షుడు గొంతు సవరించుకుని నిలబడ్డాడు. పార్టీకి అలవాటైన పని ఒకటుంది గదా, అదే చేశాడు. ఈసారికి తూకం పాత ప్రమాణం మీదే జరిపి, ప్రమాణం మార్చే విషయాన్ని కొత్త నాయకుడికే వదిలేస్తున్నామని ఏకవాక్య తీర్మానం చదివాడు. రెండు వేల చేతులూ లేచాయి. లాస్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతా అయిపోయింది, నర్సింగం గెలుస్తాడు, రేపు తాళంచెవి అతని జేబులో ఉంటుంది అనుకుంది. కూతురి వీధిలో దీపాలు గుర్తొచ్చాయి. తీర్మానం తీర్మానమే కాబట్టి నుదుటికి పట్టీ కట్టుకుని, మీట నొక్కింది.

ఏడు నిమిషాల పాటు ముఖాలు పరుగెత్తాయి. తర్వాత పెద్ద తెర నల్లబడి, పేర్లు పడ్డాయి.

మూడో పేరు ఎవరో మంత్రిది. రెండోది నర్సింగం, డెబ్భై నాలుగు. మొదటి పేరు చదివి లాస్య కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. చిలకపాటి లాస్య, తొంభై ఏడు.

అందరికంటే ముందు లేచి నిలబడింది నర్సింగమే. మెల్లగా నడిచి వేదిక దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించాడు. "ఇప్పుడు పూర్తిగా అర్థమైంది గదా డాక్టరుగారూ, యంత్రం ఎలా పనిచేస్తుందో" అన్నాడు, ఆవిడకొక్కదానికే వినపడేటట్టు. అతని చేతులు సన్నగా వణుకుతున్నాయి. ఆ వెనకే హాలంతా లేచింది. చప్పట్లు ఆగలేదు. ముందు ఆపినవాడెవరో ఆవిడ చూస్తుందని అందరికీ భయం.

దండల తోపులాటలో సువార్తమ్మ దారి చేసుకుని వచ్చింది. "డాక్టరమ్మా, దేవుడు మంచి పని చేశాడు. తాళంచెవి నీ దగ్గరే ఉంది. ఆ పటం ఇప్పుడే దించేద్దామా? ఆ ఓటు ఫైలు కూడా చించేద్దాం."

నిజమే. మీట తిప్పితే అయిదు నిమిషాల పని. తను దిగిపోతే నిజమైన తూకంలో నిలిచేది ఈవిడే, అది కూడా లాస్యకు తెలుసు. తాళంచెవి పిడికిట్లో వెచ్చగా ఉంది. కానీ దిగిపోతే నర్సింగం ఊరుకుంటాడా? రికార్డులు చదువుతానన్నాక ఈ రెండు వేల మంది తనను బతకనిస్తారా? ముందు అతని సంగతి చూడాలి. ఇల్లు చక్కబెట్టుకున్నాక ప్రమాణం మార్చొచ్చు. ఒక్క ఆర్నెల్లు చాలు. మంచి చెయ్యాలన్నా చేతిలో పట్టు ఉండాలి గదా.

"రేపు చూద్దాం సువార్తమ్మా" అంది. తన గొంతు ఎప్పుడూ లేనంత మెత్తగా రావడం ఆవిడకే వినిపించింది. "అన్నట్టు, మీ ఇల్లు చీరాలలో ఎక్కడా?"

ఊరికే అడిగింది. మాట మార్చడానికి అడిగింది. సువార్తమ్మ ముఖంలో నెత్తురు లేదు. చేతులు జోడించి వెనక్కి జరిగింది.

సాయంత్రం అయిదింటికి యంత్రం గది తలుపులు మూసి లాస్య కుర్చీలో కూలబడింది. వంటశాల తాళాలు తీసినట్టున్నారు, వరండాలోంచి ఎండుమిరపకాయల పోపు ఘాటు వచ్చింది. దస్తగిరి కాఫీ తెచ్చాడు. ఒకే గ్లాసు, నిండుగా ఉంది. బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాడు.

"నీ సగం ఏదిరా?"

"నేను... తర్వాత తాగుతానండి."

"కూర్చోరా దస్తగిరీ. ఏంటీ వేషాలు? నేనే గదా!"

"పర్లేదండి, నిలబడతానండి."

ఇరవై ఏళ్ళలో అతని నోట అమ్మాకు బదులు అండీ అనే మాట వినడం ఆవిడకు అదే మొదలు. తూకం హడావుడిలో అతను నుదుటి పట్టీ తీయడం మరిచిపోయాడు. అతని వెనక గోడ మీద చిన్న తెర ఇంకా వెలుగుతూనే ఉంది. ఆవిడ అతని మొహంలోకి చూసింది. తెర మీద పొద్దుటి ఆరు, తొంభై ఆరు అయింది.

లాస్య తాళంచెవి తీసింది. ఇప్పుడే మార్చేద్దాం, ఇప్పుడే, అనుకుంది. గోడకున్న పెద్దాయన పటం వైపూ, తల వంచుకుని నిలబడ్డ దస్తగిరి వైపూ కాసేపు చూసింది.

తర్వాత తాళంచెవిని కొంగున ముడేసుకుని, కాఫీ అంతా తనే తాగింది.